హుగ్లీని దాటిన దారులు: నది మధ్యలో ఒక్క స్తంభమైనా ఎందుకు లేదు?

వాల్తేరు_డివిజన్ | ఆదివారం, ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో, వాల్తేరులో గార్డుగా పనిచేశారు. హుగ్లీ నదికి కలకత్తా ఎదురు ఒడ్డున ఉన్న హౌరా వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఆయన ఒక మాట చెప్పేవారట: "రైలు మనల్ని కలకత్తాకు తీసుకుపోదు, కలకత్తా కనబడే ఒడ్డుకు తీసుకుపోయి దింపేస్తుంది." అప్పట్లో హుగ్లీ మీద పడవల వంతెన ఉండేది. స్టీమర్లకు దారి ఇవ్వడానికి దాని నడుమ భాగాన్ని తీసివేసినప్పుడు దిగిన జనమంతా ఒడ్డునే మూటల మీద కూర్చుని ఎదురుచూసేవారని మా అమ్మ చెప్పగా విన్నాను.

క్రిందటి నెలలో నేను హౌరా మెయిల్లో వెళ్ళి, ఇప్పటి హౌరా వంతెన మీదుగా కాకుండా కావాలనే లాంచి ఎక్కి నది దాటాను. సరిగ్గా వంతెన నీడలోకి వచ్చాక తల పైకెత్తి చూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు వరకు నీటిలో ఒక్క స్తంభమైనా లేదు. మన రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900లో రైళ్ళు నడవడం మొదలైన హేవ్‌లాక్ వంతెనకు 56 అంగలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు, ఉన్నాయి, అంటే అన్ని స్తంభాలను నదిలోనే దించారు. అంత పెద్ద గోదావరికి తగిన పద్ధతి, వెడల్పులో దానికన్నా ఎంతో చిన్నదైన హుగ్లీకి ఎందుకు తగలేదు? 1500 అడుగుల దూరాన్ని ఒకే అంగలో దాటడానికి అంత ఉక్కు ఎందుకు పోశారు? రేవు పనులూ ఉక్కు పనులూ తెలిసినవారు మన వేదికలో చాలామంది ఉన్నారు కనుక అడుగుతున్నాను.

రేవువీధి | ఆదివారం, ఉదయం 9.15

చాలా మంచి ప్రశ్న వేశారమ్మా. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఓడరేవు పడవల మీద పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

గోదావరికీ హుగ్లీకీ ముఖ్యమైన తేడా వెడల్పులో లేదు, వాటి మీద జరిగే పనిలో ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిలోకి సముద్రపు ఓడలు రావు. హుగ్లీలోకి వస్తాయి. కలకత్తా రేవు సముద్రానికి సుమారు 200 కిలోమీటర్ల లోపల, నది ఒడ్డున ఉన్న రేవు. ఆ నదిలో పోటూ పాటూ రెండూ బలంగా ఉంటాయి. కొన్ని తిథుల్లో పోటు నీరు గోడలా లేచి ఎదురెక్కుతుంది, దానిని అక్కడివాళ్ళు 'బాన్' అంటారు. దానికి తోడు పై నుంచి వచ్చే ఒండ్రు ఎడతెగకుండా పేరుకుంటూ ఉంటుంది. ఈ రోజు ఓడ నడిచిన దారి రేపటికి ఇసుకదిబ్బ కావచ్చు. అలాంటి నదిలో స్తంభం దించితే నీరు దాని చుట్టూ సుడి తిరిగి ఒకచోట గొయ్యి తీస్తుంది, వేగం తగ్గినచోట మట్టిని వదిలేస్తుంది. స్తంభం నిలబడుతుందా లేదా అన్నది ఇంజనీరు భయమైతే, నిలబడిన తరువాత ఓడల దారి ఎటు జరుగుతుందో అన్నది రేవు అధికారుల భయం.

తూర్పు భారత రైల్వే 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీ పట్టణానికి మొదటి రైలు నడిపినప్పుడు ప్రయాణికులు కలకత్తా వైపున ఉన్న ఆర్మేనియన్ ఘాట్ నుంచి పడవలో నది దాటి రైలెక్కేవారు. 1862లో బెంగాల్ ప్రభుత్వం ఆ రైల్వే ముఖ్య ఇంజనీరైన జార్జ్ టర్న్‌బుల్‌ను వంతెన సాధ్యమా అని అడిగింది. నగరం దగ్గర మెత్తటి మట్టిలో చాలా లోతుకు పునాదులు దించాలనీ, అందుకు విపరీతమైన ఖర్చవుతుందనీ, ఓడల రాకపోకలకు అడ్డమవుతుందనీ ఆయన నివేదిక ఇచ్చి, నగరానికి ఎగువన పల్టా ఘాట్ దగ్గరైతే కట్టవచ్చన్నాడు. మీ తాతగారు ఒడ్డున కూర్చోవలసి రావడానికి మూలం ఆ నివేదికలో ఉంది.

ఎంవీపీ_విద్యార్థి | ఆదివారం, ఉదయం 10.02

రేవువీధి గారూ, పోటు అంత బలంగా ఉంటే పడవల మీద వేసిన వంతెన కొట్టుకుపోకుండా ఎలా నిలబడింది? నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా పాఠ్యపుస్తకంలో తేలే వంతెనలకు ఒక్క పేరానే కేటాయించారు.

రేవువీధి | ఆదివారం, మధ్యాహ్నం 12.30

నాయనా, కొట్టుకుపోయే ప్రమాదం దానికి తెరవకముందే వచ్చింది. ఆ వంతెనను రూపొందించినవాడు బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ. భాగాలను ఇంగ్లండులో తయారుచేయించి, ఓడల్లో కలకత్తాకు తెచ్చి కూర్చారు. పని ముగింపుకు వస్తున్న సమయంలో 1874 మార్చి 20న పెద్ద తుఫాను వచ్చింది. 'ఎజీరియా' అనే స్టీమరు లంగరు తెంచుకుని వచ్చి వంతెనను గుద్దింది. వంతెనను మోసే పడవలు మూడు మునిగిపోయాయి, సుమారు 200 అడుగుల మేర వంతెన దెబ్బతింది. దానిని బాగుచేసి అదే సంవత్సరం అక్టోబరులో రాకపోకలకు తెరిచారు. మొత్తం పొడవు 1528 అడుగులు, నడుమ 200 అడుగుల భాగాన్ని విడదీసి పక్కకు జరిపితే ఓడలు వెళ్ళేవి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. తేలే వంతెన పోటుతో పాటు లేస్తుంది, పాటుతో పాటు దిగుతుంది. ఒడ్డు మాత్రం కదలదు. అందువల్ల వంతెననూ ఒడ్డునూ కలిపే పలకల వాలు గంటగంటకూ మారిపోయేది. పాటు సమయంలో వంతెన బాగా కిందికి దిగిపోతే, బరువు వేసుకున్న ఎడ్లబండి ఒడ్డెక్కడానికి కొండ ఎక్కినంత పని పడేది. ఆ రోజుల్లో వంతెన మీద నడిచే బండ్లలో సగానికి పైగా ఎడ్లబండ్లే. ఒక జత ఎడ్లు ఆ వాలు దగ్గర మొరాయిస్తే వెనక ఉన్న బండ్లన్నీ ఆగిపోయేవి. హౌరా స్టేషనులో రైలు అందుకోవలసినవాళ్ళు ఎంత ముందుగా బయలుదేరినా గుండె దిటవు లేకుండానే ఉండేవారని నాకనిపిస్తుంది.

దానికి తోడు తెరవడం అనే సమస్య ఒకటి. మొదట్లో పగటిపూట మాత్రమే తెరిచేవారు, పగలే జనమూ బండ్లూ ఎక్కువ. 1906 నుంచి రాత్రి కూడా తెరవడం మొదలుపెట్టి, పెద్ద సముద్రపు స్టీమర్లు తప్ప మిగిలినవాటిని రాత్రే పంపడంతో పగటి ఇబ్బంది కొంత తగ్గింది. దాటేవాడు గెలవాలా, నది వెంబడి పోయేవాడు గెలవాలా అన్న తగాదాకు అది ఒక సర్దుబాటు. పగలు నేల మీదివాడికీ రాత్రి నీటి మీదివాడికీ పంచారు. ఇన్ని లోపాలతోనూ ఆ వంతెన దాదాపు 70 ఏళ్ళు పనిచేసిందంటే దాన్ని కట్టినవాడికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

గోస్తని | ఆదివారం, సాయంత్రం 6.20

చర్చ చాలా బాగా సాగుతోంది కానీ అంతా హౌరా చుట్టూనే తిరుగుతోంది. హుగ్లీని కలకత్తా నగరం ఒక్కటే దాటలేదు. 1855లో రిష్రాలో మొదటి జూట్ మిల్లు మొదలైన తరువాత ఆ నదికి రెండు పక్కలా పదుల మైళ్ళ మేర మిల్లులు లేచాయి. పడమటి ఒడ్డున రిష్రా, శ్రీరాంపూర్, బాలీ. తూర్పు ఒడ్డున టీటాగఢ్, భాట్‌పారా, నైహాటీ. మిల్లు గొట్టాలు నది వెంట వరుసగా నిలబడి ఉండేవి. జనపనార పడవల్లో వచ్చేది, బొగ్గు రాణీగంజ్ వైపు నుంచి రైలులో వచ్చేది, తయారైన గోనె మళ్ళీ పడవల మీద రేవుకు పోయేది. అందుకని మిల్లులన్నీ నీటి అంచునే కట్టారు.

ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. మా తాతగారి అన్న చిట్టివలసలో గోస్తని ఒడ్డున ఉన్న జూట్ మిల్లులో పని నేర్చుకుని, మరి నలుగురితో కలిసి టీటాగఢ్ వెళ్ళిపోయారు. అప్పట్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలమంది తెలుగువాళ్ళు ఆ మిల్లులకు వలస వెళ్ళారు. ఇప్పటికీ ఆ ఒడ్డున తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి, రాములవారి గుళ్ళున్నాయి. ఆ పెదతాతగారి చెల్లెలిని ఎదురు ఒడ్డున రిష్రాలో ఉన్న మన సంబంధానికే ఇచ్చారట. అన్నాచెల్లెళ్ళు ఒకరి మిల్లు గొట్టం ఒకరికి కనబడేంత దగ్గరలో ఉన్నారు. అయినా పండక్కి వెళ్ళాలంటే ఫెర్రీ పడవే గతి. పొద్దు కుంకాక పడవ ఉండేది కాదు. వాళ్ళ దృష్టిలో హౌరా వంతెన ఎక్కడో దూరాన ఉన్న సంగతి.

ఆ ఎగువ భాగంలో మొదట పడిన శాశ్వతమైన వంతెన జూబ్లీ వంతెన. టర్న్‌బుల్ చెప్పినట్లు నగరానికి దూరంగానే, నైహాటీకీ బండేల్‌కూ మధ్య కట్టి 1887లో, విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో తెరిచారు. అది మనుషుల కోసం కట్టింది కాదు. పడమటి రైలుమార్గాన్ని తూర్పు రైలుమార్గంతో కలిపి బొగ్గునూ ధాన్యాన్నీ బండి మార్చకుండా కలకత్తా రేవు వైపు చేర్చడానికి కట్టిన రైలు వంతెన. దాన్ని రూపొందించినవారిలో కూడా లెస్లీయే ముఖ్యుడు. 2016లో పక్కనే కొత్త సంప్రీతి వంతెన వచ్చేవరకు, అంటే దాదాపు 130 ఏళ్ళు దాని మీద రైళ్ళు నడిచాయి. ఒకే మనిషి ఒకచోట తేలే వంతెన, ఇంకోచోట స్తంభాల మీద నిలిచే వంతెన కట్టాడని గమనించండి. స్టీమర్ల రద్దీ ఉన్న చోట స్తంభం దించడానికి ఆయనకూ వీలుపడలేదు.

వాల్తేరు_డివిజన్ | ఆదివారం, రాత్రి 8.05

గోస్తని గారూ, అన్నాచెల్లెళ్ళ సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. రేవు లెక్కల్లో, రైల్వే లెక్కల్లో ఆ ఇద్దరి దాటుడు ఎక్కడా చేరదు కదా.

మీ మాటకు నేనొకటి కలుపుతాను. బాలీ దగ్గర రైలుకూ రోడ్డుకూ కలిపి కట్టిన వంతెన 1930ల మొదట్లో తెరిచినప్పుడు దానికి విల్లింగ్డన్ వంతెన అని పేరు పెట్టారు, తరువాత వివేకానంద సేతు అయింది. 1933 డిసెంబరు 19న మన విశాఖ ఓడరేవును ప్రారంభించిన వైస్రాయి కూడా ఆ విల్లింగ్డనే.

ఉక్కునగరం_కొలిమి | సోమవారం, ఉదయం 6.50

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. 1943 నాటి వంతెన గురించి చెప్పాలంటే ముందు చర్చలు ఎంతకాలం సాగాయో చెప్పాలి. 1921లో మార్టిన్ కంపెనీకి చెందిన రాజేంద్రనాథ్ ముఖర్జీ అధ్యక్షతన ఇంజనీర్ల సంఘం కూర్చుంది. 1926లో కొత్త వంతెనకు చట్టం వచ్చింది. పని మొదలయ్యేసరికి 1936. పదిహేనేళ్ళు మాటల్లో గడిచిపోవడానికి ఖర్చు ఒక కారణమైతే, మళ్ళీ తేలే వంతెనే వేయాలా, స్తంభాల వంతెన వేయాలా, ఒకే అంగ వంతెన వేయాలా అన్నది తెగకపోవడం రెండో కారణం. చివరకు రెండు ఒడ్లలోనే గోపురాలు నిలిపి, ఒక్కొక్క ఒడ్డు నుంచి చేయి చాచినట్లు 468 అడుగుల భుజాన్ని నది మీదికి పంపి, ఆ రెండు భుజాల కొసల మధ్య 564 అడుగుల నడుమ భాగాన్ని వేలాడదీయాలని తీర్మానించారు. కలిపితే మీరన్న 1500 అడుగులు. నది మీదికి చాచిన చేయి బరువుకు ఒరిగిపోకుండా వెనక వైపున 325 అడుగుల లంగరు భుజం దానిని పట్టి ఉంచుతుంది. కావడి బద్దను భుజాన వేసుకున్నవాణ్ణి తలచుకోండి, ముందు వైపు బరువును వెనక వైపు బరువు నిలబెడుతుంది.

ఇందులో పట్టిన ఉక్కు సుమారు 26,500 టన్నులు. అంతా టాటావారిదే అని చాలామంది చెబుతారు కానీ అది సరికాదు. ఇంగ్లండు నుంచి తెప్పించాలనే మొదట అనుకున్నారు. యుద్ధం రావడంతో అక్కడి నుంచి సుమారు 3,000 టన్నులు మాత్రమే వచ్చింది. మిగిలిన 23,000 టన్నుల పైచిలుకు ఉక్కును జంషెడ్‌పూర్‌లో తయారుచేసి ఇచ్చారు. 'టిస్‌క్రోమ్' అని పేరున్న ఆ రకం మామూలు ఉక్కు కన్నా ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది. కనుక అదే బలానికి పలక మందం తగ్గుతుంది, చాచిన చేయి తన బరువుకు తానే కుంగే బాధ తగ్గుతుంది. ఉక్కు కర్మాగారంలో నా జీవితమంతా గడిపాను. ఓడలు రాని సమయంలో అప్పటివరకు అంత మోతాదులో చేయని రకాన్ని పోసి, సాగదీసి, పరీక్షించి పంపినవారి చెమట నాకు బాగా తెలుసు. బయట ఎవరికీ వారి పేర్లు తెలియవు.

పెదవాల్తేరు_బాబాయి | సోమవారం, ఉదయం 8.10

నట్టూ బోల్టూ లేకుండా కట్టిన వంతెన అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అదెలా సాధ్యం? పైగా అంత గొప్ప వంతెనను ప్రారంభించిన రోజున మేళతాళాలతో ఎంత ఉత్సవం జరిగి ఉంటుందో!

ఉక్కునగరం_కొలిమి | సోమవారం, మధ్యాహ్నం 1.15

బాబాయి గారూ, మొదటి మాట నిజమే. దాన్ని రివిట్లతో కట్టారు. రివిట్టును కొలిమిలో ఎర్రగా కాల్చి, పటకారుతో అందుకుని బెజ్జంలో పెట్టి, ఒక పక్క బరువైన దిమ్మెతో అదిమిపట్టి, రెండో పక్క సుత్తితో తల కొడతారు. వేడి మీద మెత్తగా ఉన్న రివిట్టు బెజ్జమంతా నిండుతుంది. చల్లారే కొద్దీ పొట్టి అయ్యి, రెండు పలకలనూ ఒకదానికొకటి బిగించి పట్టుకుంటుంది. వదులయ్యే మర ఉండదు. అయితే ఒక జట్టులో కనీసం నలుగురు ఒకరి చేయి ఒకరు ఎరిగి పనిచేయాలి. కాల్చేవాడు ఆలస్యం చేస్తే కొట్టేవాడి చేతికి చల్లారిన రివిట్టు వస్తుంది, అలాంటిదాన్ని తీసేసి మళ్ళీ వేయవలసిందే. అంత ఎత్తున, కింద నది పారుతుండగా చేసిన పని అది.

రెండు పక్కల నుంచి పెంచుకుంటూ వచ్చిన భాగాలు నది మధ్యకు చేరాక వాటిని సరిగ్గా కలపడానికి ఒక్కొక్కటి 800 టన్నుల శక్తి గల 16 హైడ్రాలిక్ జాకీలను వాడారు. వందల టన్నుల ఉక్కును వెంట్రుకవాసి కొలతతో జరిపి కలిపారు.

నాకు మాత్రం ఉక్కు కన్నా పునాదులే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. నది మధ్యలో స్తంభాలు వద్దనుకున్నందుకు బరువంతా రెండు ఒడ్ల మీదికి వచ్చింది. ఒక్కొక్క గోపురం కింద సుమారు 55 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న ఒకే దిమ్మెను దించారు. ఆ దిమ్మెలో 21 నూతులు. మన గోదావరి వంతెనల నూతి పునాదులు చూసినవాళ్ళకు పద్ధతి అర్థమవుతుంది: నూతుల లోపలి మట్టిని తవ్వి తీస్తూ ఉంటే దిమ్మె తన బరువుతో తానే కిందికి దిగుతుంది. కలకత్తా వైపు సుమారు 31 మీటర్లు, హౌరా వైపు 26 మీటర్లకు పైగా దించారు. ఒక రాత్రి మట్టి తీస్తుండగా కింద నేల ఒక్కసారిగా జారి ఆ దిమ్మె మొత్తం రెండు అడుగులు కుంగింది. ఆ అదురును కిదర్‌పూర్‌లోని భూకంప యంత్రం భూకంపంగా నమోదు చేసిందట. ఆ తవ్వకంలో లంగర్లు, ఫిరంగులు, ఫిరంగి గుండ్లు, ఇత్తడి పాత్రలు, ఈస్టిండియా కంపెనీ నాటి నాణేలు బయటపడ్డాయి. వంతెన లేని కాలంలో ఆ రేవులో దాటినవాళ్ళూ మునిగినవాళ్ళూ జారవిడిచినవన్నీ ఆ మట్టిలో దాగి ఉన్నాయి.

ఇక ఉత్సవం సంగతి వాల్తేరు అమ్మాయి గారు చెబితే బాగుంటుంది. ఆ కాలం సంగతులు వారి ఇంట్లో మాట్లాడుకుని ఉంటారు.

వాల్తేరు_డివిజన్ | సోమవారం, రాత్రి 9.30

కొలిమి గారూ, ధన్యవాదాలు. బాబాయి గారూ, ఉత్సవం జరగలేదండి. 1943 ఫిబ్రవరి 3 రాత్రి, దీపాలు ఆర్పిన నగరంలో, ఒంటరిగా ఒక ట్రాం బండి వంతెన దాటింది. అదే ప్రారంభోత్సవం. జపాను విమానాలకు తెలియకూడదని పత్రికల్లో చాటింపు లేకుండా చేశారు. అంతకు ముందు డిసెంబరులోనే కలకత్తా మీద బాంబులు పడ్డాయి.

ఆ భయం మన ఊరివాళ్ళకు ఇంకా ముందే తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖ రేవు మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. రేవు తెరిచి తొమ్మిదేళ్ళయినా నిండలేదు. సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసి ఏడాది కూడా కాలేదు. ఊరు సగం ఖాళీ అయిందనీ, మా తాతగారు మాత్రం డ్యూటీ వదలలేక కుటుంబాన్ని విజయనగరం పంపి తానొక్కరే క్వార్టర్లో ఉండిపోయారనీ అమ్మ చెప్పేది. ఆ మరుసటి సంవత్సరం హౌరా వెళ్ళినప్పుడు ఆయన మొదటిసారిగా మూట దించకుండా నది దాటి ఉంటారు. ఆ రోజు ఏమనుకున్నారో అడగడానికి నేను అప్పటికి పుట్టలేదు.

సింధియా_రోడ్డు | మంగళవారం, ఉదయం 10.40

మూడు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు మన ఊరి మాట ఒకటి అడుగుతాను. పాత ఊళ్ళో రాస్ హిల్ దగ్గర నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగానే కనబడుతుంది. నడుమ ఉన్నది ఓడలు లోపలి రేవుకు వచ్చే సన్నటి కాలువ. అయినా అటు వైపు వెళ్ళాలంటే జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ మీదుగా రేవు మొత్తం చుట్టి, మల్కాపురం దాటి రావాలి. సింధియాలో ఉండే మాబోటివాళ్ళం రోజూ ఆ చుట్టుతోనే బతుకుతున్నాం. ఎనభై ఏళ్ళ క్రితమే 1500 అడుగులను ఒకే అంగలో దాటగలిగినప్పుడు, అంతకన్నా చాలా సన్నగా ఉన్న మన కాలువ మీద వంతెన ఎందుకు వేయకూడదు? దీన్ని ఇన్నాళ్ళూ ఎవరూ గట్టిగా ఎందుకు అడగలేదన్నదే నా బాధ.

రేవువీధి | మంగళవారం, మధ్యాహ్నం 3.25

మీ బాధ న్యాయమైనది. నేనూ ఆ చుట్టు తిరిగినవాణ్ణే. అయినా మీ ప్రతిపాదనతో నేను ఏకీభవించలేకపోతున్నాను, కారణం చెబుతాను.

హౌరా వంతెన వెడల్పు సమస్యను తీర్చింది గానీ ఎత్తు సమస్యను తీర్చలేదు. పెద్ద ఓడలు ఆగే బెర్తులు వంతెనకు దిగువన ఉన్నాయి. ఎగువకు వెళ్ళేవి చిన్న నావలు. అయినా 2005లో ఒక సరుకు నౌక పోటు సమయంలో వంతెన కిందికి వచ్చి ఇరుక్కుని, వంతెన అడుగు దూలాలను దెబ్బతీసింది. మన కాలువ అలా కాదు, అది లోపలి రేవుకు ఉన్న ఒకే ఒక గుమ్మం. సరుకు ఓడలు, హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టి మరమ్మతు చేసే ఓడలు, నౌకాదళం ఓడలు అన్నీ ఆ గుమ్మంలో నుంచే రావాలి, పోవాలి. వాటిలో అన్నిటికన్నా ఎత్తయిన ఓడ కొస తగలకుండా వంతెన వేయాలంటే రోడ్డును ఎంత ఎత్తుకు లేపాలో, అంత ఎత్తు ఎక్కడానికి పాత ఊరి ఇరుకు వీధుల్లో ఎంత పొడవు వాలు కావాలో ఆలోచించండి. పైకి ఎత్తే వంతెన వేస్తే ఓడ వచ్చిన ప్రతిసారీ రోడ్డు ఆపాలి. ఒడ్డున మూటల మీద కూర్చున్న తాతగారి కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంకొకటి. 1942లో ఆ కాలువ మీద వంతెన ఉండి, దాని మీద బాంబు పడి ఉంటే? కూలిన దూలాలు గుమ్మానికి అడ్డంగా పడి లోపలి ఓడ బయటికీ, బయటి ఓడ లోపలికీ కదలలేక పోయేవి. హుగ్లీలో వంతెన కూలినా నదికి మరికొంత వెడల్పు మిగిలేది. మనకు అది కూడా ఉండేది కాదు.

సింధియా_రోడ్డు | మంగళవారం, సాయంత్రం 5.50

మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ మీ వాదనలో దాటేవాడెప్పుడూ ఓడిపోతూనే ఉన్నాడు. కలకత్తాలో ఏళ్ళ తరబడి వాదించి అయినా ఒక దారి కనిపెట్టారు. మనం వాదన కూడా మొదలుపెట్టలేదు.

ఎంవీపీ_విద్యార్థి | మంగళవారం, రాత్రి 7.35

నా చిన్న బుద్ధికి తోచింది చెబుతాను. హౌరా తరువాత హుగ్లీ మీద ఏం జరిగిందో చూస్తే సింధియా రోడ్డు గారి ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

రెండో హుగ్లీ వంతెన, అంటే విద్యాసాగర్ సేతు, కేబుళ్ళ మీద వేలాడే వంతెన. 1972లో ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేస్తే 1992 అక్టోబరులో తెరుచుకుంది. దాని నడుమ అంగ 457 మీటర్లు, అంటే మళ్ళీ అదే 1500 అడుగులు. యాభై ఏళ్ళ తరువాత, పూర్తిగా వేరే పద్ధతిలో కట్టినా నది మధ్యలో స్తంభం దించడానికి ఒప్పుకోలేదు. పూడిక సమస్య అప్పటికి తగ్గలేదు సరికదా పెరిగింది కూడా. గంగ నీటిని హుగ్లీలోకి మళ్ళించి పూడికను కడిగేందుకు 1975లో ఫరక్కా బ్యారేజీని నడిపించారు, పెద్ద ఓడల కోసం కిందుగా హాల్దియా రేవు కట్టుకున్నారు.

ఆ తరువాతి దాటుడు నీటి మీద లేదు, నీటి కింద ఉంది. కలకత్తా మెట్రో తూర్పు పడమర మార్గంలో హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ వరకు ఉన్న భాగం 2024 మార్చిలో మొదలైంది. నది కింద సొరంగం సుమారు 520 మీటర్లు, రైలు దాన్ని ముప్పావు నిమిషంలో దాటుతుంది. దానికి స్తంభం లేదు, ఎత్తు లేదు, తెరవడం లేదు. రేవువీధి గారు చెప్పిన మూడు అభ్యంతరాలలో ఏదీ సొరంగానికి వర్తించదు. బాంబు పడినా ఓడల దారి మూసుకుపోదు.

రేవువీధి | మంగళవారం, రాత్రి 8.20

అబ్బాయి మాట నన్ను ఆలోచింపజేసింది. నేను వంతెనను కాదన్నాను గానీ దాటుడును కాదనలేదు, ఆ తేడాను నేనే ముందు చెప్పి ఉండవలసింది. సొరంగమైతే కాలువ అడుగును ఇప్పుడున్న లోతుకే కాక, రేపు ఇంకా లోతు ఓడలు వస్తే తవ్వవలసిన లోతుకు కూడా కిందుగా వేయాలి. పక్కన కొండరాయి ఉంది కనుక హుగ్లీలో బంకమన్ను కోసినట్లు కోయడం కుదరకపోవచ్చు. అయినా అది ఇంజనీర్లు కొలిచి తేల్చగల ప్రశ్న. సింధియా రోడ్డు గారూ, ఆ కొలత జరగాలని అడిగే అర్జీ మీరు రాస్తే మొదటి సంతకం నాది.

సింధియా_రోడ్డు | మంగళవారం, రాత్రి 8.45

రాస్తానండి. ఆదివారం లోపు ముసాయిదా ఇక్కడే పెడతాను. ఓడల సంగతి రాసే చోట మీరు సరిదిద్దాలి.

గోస్తని | బుధవారం, ఉదయం 7.05

అర్జీలో నాదొక మనవి. సొరంగం వేసినా వేయకపోయినా నడిచి వచ్చేవాళ్ళకూ సైకిలు వాళ్ళకూ పడవ దారి గురించి కూడా ఒక వాక్యం రాయండి. హుగ్లీ మీద ఇన్ని వంతెనలు వచ్చాయి, సొరంగమూ వచ్చింది, అయినా రిష్రా వైపు, టీటాగఢ్ వైపు మిల్లు వాడల జనం ఇప్పటికీ ఫెర్రీ మీదనే దాటుతున్నారు. పెద్ద వంతెన కార్లను తీసుకుపోతుంది కానీ బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషికి రెండు మైళ్ళ అవతలి వంతెన కన్నా ఎదురుగా ఉన్న రేవే దగ్గర.

పెదవాల్తేరు_బాబాయి | బుధవారం, ఉదయం 9.00

వచ్చే నెల మా మనవరాలి పెళ్ళిచూపులకు హౌరా వెళుతున్నాం. ఇంత చదివాక ఆ వంతెనను సరిగ్గా చూడాలని ఉంది. ఎక్కడ నిలబడితే అంతా కనిపిస్తుందో చెప్పగలరా?

వాల్తేరు_డివిజన్ | బుధవారం, ఉదయం 9.25

బాబాయి గారూ, స్టేషను బయటికి రాగానే టాక్సీల వైపు వెళ్ళకుండా ఎదురుగా నది అంచున ఉన్న లాంచి రేవుకు వెళ్ళండి. టిక్కెట్టు చాలా తక్కువ. అవతలి ఒడ్డున ఆర్మేనియన్ ఘాట్‌కు వెళ్ళే లాంచి దొరికితే అదే ఎక్కండి, 1854లో రైలు ప్రయాణికులు బయలుదేరిన రేవు అదే. సామాను ఎక్కువగా ఉంటే ఎవరినైనా ముందుగా టాక్సీలో పంపేయండి. లాంచిలో కుడి ఎడమల చివర కాకుండా ముందు భాగంలో నిలబడితే రెండు గోపురాలూ ఒకేసారి కనబడతాయి. ఉదయం ఏడు గంటలలోపు వెళ్ళండి, వంతెన మీద నడిచే జనం రద్దీ అప్పుడే మొదలవుతుంది.